పోయిందనకండి, పట్టేసిందనండి

క్రియాపదాన్ని ఆచితూచి వాడవలసిన చోట్లలో కారు షెడ్డు ఒకటని పండితులెవ్వరూ ఇంతవరకు చెప్పినట్టు లేదు. పదిహేను ఇరవయ్యేళ్లు కదలకుండా పడివున్న పాత కారు దగ్గరికి ఒక మెకానిక్కును పిలిపించామనుకోండి. బానెట్టు ఎత్తుతాడు. ఫ్యాను రెక్క పట్టుకొని ఒకసారి లాగి చూస్తాడు. కదలదు. చేతులు దులుపుకొని "ఇంజను పోయింది సార్" అంటాడు. ఆ రెండు మాటలతో ఆ బండి జాతకం ముగిసిపోతుంది. సాయంత్రానికల్లా పాత సామాన్లు కొనేవాడు కాటా గురించి మాట్లాడుతూ ఉంటాడు.

పోవడం వేరు, పట్టేయడం వేరు. నడుము పట్టేసి మంచాన పడినవాడిని చూసి "పోయాడు" అని పాడె కట్టే ఊరిని నేనెరుగను. కాపడం పెడతాం, తైలం రాస్తాం, నాలుగు రోజులు ఆగుతాం. మెకానిక్కుల నోట్లోనే "ఇంజను పట్టేసింది" అనే చక్కటి మాట ఉంది. ఎవరూ నిఘంటువులో వెతికి తయారుచేసింది కాదు, చేతికి నూనె అంటినవాళ్లు పుట్టించుకున్న తెలుగు. అంత సరైన మాట చేతిలో ఉండగా దాన్ని వదిలి, చావుకు వాడే క్రియను ఇంజనుకు అంటగట్టడం మీదనే నా మొదటి అభ్యంతరం. ఇది కేవలం భాషాభిమానపు గోల అనుకోకండి. మాట మారితే చేత మారుతుంది. "పోయింది" అన్నవాడు కాటా వైపు చూస్తాడు. "పట్టేసింది" అన్నవాడు ఎక్కడ పట్టిందని అడుగుతాడు.

ఎక్కడ పట్టిందో అడిగేముందు ఎందుకు పడుతుందో తెలియాలి. అంబాసిడరునే ఉదాహరణగా తీసుకుంటాను. మా ఖమ్మం ప్రాంతంలో రేకుల షెడ్లలోనూ, చింతచెట్ల కిందనూ నిద్రపోతూ నా కంటబడ్డవాటిలో అదే ఎక్కువ. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో మొదలుపెట్టి 2014 మే నెలలో ఆపేసిన బండి అది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి మన దేశపు అవతారం. 1959 నుంచి చాలాకాలం దానిలో ఉన్నది బి.ఎం.సి. వారి బి-సిరీస్ ఇంజను, 1489 సి.సి. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని బోరు 73 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం దాదాపు 89 మిల్లీమీటర్లు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు పోత ఇనుము, పిస్టను మాత్రం అల్యూమినియం. ఆ పిస్టను చుట్టూ ఉండే రింగులు మళ్లీ ఇనుమే. ఇనుప రింగు ఇనుప గోడను ఒరుసుకొని ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. మధ్యనున్న నూనె పొర ఎప్పుడో కిందికి జారిపోయింది. చెమ్మ చేరింది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, ఉన్న కాస్త సందూ పూడిపోయి రెండూ ఒకటైనాయి. అంతే జరిగింది. విరిగినది లేదు, అరిగినది లేదు.

ఆ చెమ్మ ఎక్కడినుంచి వచ్చిందన్నది ఆసక్తికరమైన సంగతి. నాలుగు స్ట్రోకుల నాలుగు సిలిండర్ల ఇంజను ఏ క్షణాన ఆపినా, ఏదో ఒక సిలిండరులో ఏదో ఒక వాల్వు తెరిచే ఉంటుంది. పొగ గొట్టంలోంచో, కార్బ్యురేటరులోంచో వానాకాలపు గాలి సరాసరి ఆ గదిలోకి వెళుతుంది. తలుపులు మూసిన గదులు బాగానే ఉంటాయి, తెరిచివున్న గదికి జ్వరం వస్తుంది. ఒక్కడు మంచాన పడితే నలుగురూ ఆగిపోతారు, ఒకే క్రాంకుకు కట్టుబడ్డ అన్నదమ్ములు కదా. కనుక "మొత్తం ఇంజను పట్టేసింది" అని బెంబేలెత్తే వారిలో పలువురికి పట్టేసినది ఒకటో రెండో సిలిండర్లే.

ఒక్కోసారి అదీ కాదు. గేరు న్యూట్రలులో ఉందా అని చూడకుండా బండిని నెట్టి, బ్రేకులు తుప్పుపట్టి చక్రాలు తిరగకపోతే ఇంజను మీద నేరం మోపినవాళ్లను నేను చూశాను. సెల్ఫు మోటారు పళ్లు ఫ్లైవీలు పళ్లలో ఇరుక్కొని ఉండవచ్చు. డైనమో గానీ నీళ్ల పంపు గానీ బిగుసుకొని బెల్టును పట్టి ఉంచవచ్చు. వాల్వు తన గైడులో అతుక్కొని ఉండవచ్చు. బెల్టు తీసి, సెల్ఫు మోటారు విప్పి పక్కన పెట్టి, అప్పుడు ముందునుంచి హ్యాండిలు వేసి మెల్లగా చూస్తే గాని పట్టినది పిస్టనో మరొకటో తేలదు. అరగంట పని. ఆ అరగంట వెచ్చించకుండా తీర్పు చెప్పేవాడిని వైద్యుడనాలో మరేమనాలో మీరే నిర్ణయించండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతికి వస్తాను. ట్రాక్టరు.

మా వైపు పత్తి, మిరప పండే పల్లెల్లో ట్రాక్టరు లేని వీధి లేదు. పట్టేసిన కారుకు మోకు కట్టి, మూడో గేరులో వేసి, ట్రాక్టరుతో లాగితే వదులుతుందన్నది ఇక్కడ వేదవాక్కు. బోనకల్‌కు ఆట్టే దూరం లేని ఒక పల్లెలో 1970ల నాటి అంబాసిడరు ఒకటి ఇలాగే బలైపోవడం నేను గట్టుమీద నిలబడి చూశాను. ఇంటి పెద్దాయన కాలం చేసిన నాటినుంచి అది గడ్డివాము పక్క పాకలో ఉంది. పండుగకు వచ్చిన కొడుకులు నాన్న బండిలో ఒకసారి ఊరు తిరగాలని ముచ్చటపడ్డారు. ముచ్చట మంచిదే. నేను వద్దన్నాను. "మాస్టారూ, మీకు పద్యాలు తెలుసు, ఇది ఇంజను" అని ఒకాయన నవ్వాడు. మోకు కట్టారు. మొదటిసారి వెనక చక్రాలు తిరగకుండా మట్టిలో గాళ్లు పడేటట్టు ఈడ్చుకుపోయాయి. రెండోసారి ట్రాక్టరును కాస్త వెనక్కి తెచ్చి ఒక్కుదుటున లాగారు. లోపల పిడుగు పడ్డట్టు చప్పుడైంది, చక్రాలు తిరిగాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. వదిలిందన్నారు.

వదిలింది నిజమే. ఆ తరువాత బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి స్టార్టు చేస్తే బండి లేచింది కూడా. నీలిపొగ కమ్మింది, లోపల గరగరమంటూ ఇనుము గీసుకునే చప్పుడు. విప్పి చూస్తే రెండు పుష్ రాడ్లు విల్లులాగా వంగివున్నాయి. అతుక్కుపోయిన వాల్వులను తెరవబోయి వంగినవి. ఒక పిస్టనుకు రింగు కూర్చునే గాడి అంచు పగిలి, ఆ ముక్క బోరు గోడమీద పైనుంచి కిందికి నాగలిచాలు వేసింది. అంతవరకు పైపైన తుప్పు తప్ప ఏ దోషమూ లేని సిలిండరు అది. మరుసటి నెలలో బండి కాటాకు పోయింది. టన్ను పైచిలుకు ఇనుము, అంతే.

ఇందులో లెక్క చాలా సులువైనది. రింగు ఇరుకైన చోట అతుక్కొని ఉంది. రింగు పోత ఇనుము, వంగదు, విరుగుతుంది. ట్రాక్టరు బలమంతా చక్రాల ద్వారా, గేర్ల ద్వారా, క్రాంకు ద్వారా వచ్చి ఆ ఒక్క సన్నని రింగు మీద, దాన్ని మోస్తున్న అల్యూమినియపు అంచు మీద పడుతుంది. ఎంత బలం పడుతోందో ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి తెలియదు, ఎందుకంటే వాడి చేతిలో స్టీరింగు తప్ప మరేదీ లేదు. హ్యాండిలు పట్టుకొన్నవాడికి తెలుస్తుంది. బలప్రయోగానికి నేను విరోధిని కాను. తన బలం ఎంతో తనకు తెలియని బలప్రయోగానికి విరోధిని.

సెల్ఫు కొట్టి వదిలిద్దామనేవారు ట్రాక్టరువారి తమ్ముళ్లు. ఆ మోటారు కాలుతుంది, లేదా పళ్లు విరుగుతాయి. ఇక సిలిండరులో శీతలపానీయం పోస్తే తుప్పు కరుగుతుందనే వర్గం ఒకటి బయలుదేరింది. దానిలో కొద్దిగా ఆమ్లం ఉన్నమాట నిజమే, తుప్పును కొంత తినేమాటా నిజమే. మిగిలినదంతా నీళ్లూ పంచదారానూ. నీళ్ల వల్ల పట్టేసినదానిలో మళ్లీ నీళ్లు పోసి, పైన పాకం పట్టడం ఏ శాస్త్రమో నాకు బోధపడలేదు.

మరి చేయవలసినదేమిటి? మా బోనకల్‌లోనే, మరొక అంబాసిడరు విషయంలో జరిగినది చెబుతాను. ఇది మార్క్ ఫోర్ పెట్రోలు బండి, పందొమ్మిదేళ్లుగా రేకుల షెడ్డులో ఉంది. పనిచేసిన మేస్త్రి ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్నవాడే, ఛందస్సు గంటలో కిటికీలోంచి స్టేషను వైపు చూస్తూ ఉండేవాడు. యజమాని "ఎప్పటికవుతుంది మేస్త్రీ?" అని అడిగితే, "అది చెప్పాలి సార్, నేను కాదు" అన్నాడు ఇంజను వైపు చూపించి. ఆ మాటకే అతనికి బండి అప్పగించవచ్చునని నాకనిపించింది.

మొదటిరోజు అతడు ఇంజనును తిప్పడానికి ప్రయత్నమే చేయలేదు. ప్లగ్గుల మొదళ్ల దగ్గర నూనె చుక్కలు వేసి పొద్దుటిదాకా వదిలేశాడు, ప్లగ్గు హెడ్డులోనే విరిగితే అదొక కొత్త రోగం గనుక. మర్నాడు ప్లగ్గులు తీసి, సెల్‌ఫోనుకు తగిలించే సన్నని కెమెరా గొట్టాన్ని ఒక్కొక్క రంధ్రంలోకి దించి చూశాడు. (ఆ సాధనం ఇప్పుడు కారుచవకగా దొరుకుతోంది. మా తరం మెకానిక్కులు టార్చిలైటూ తీగముక్కా పెట్టి చేసిన పని అది.) మూడో సిలిండరు గోడ ఎర్రగా ఉంది. మిగతా మూడూ నల్లగా, జిడ్డుగా, క్షేమంగా ఉన్నాయి.

తరువాత చేసిన పని చూసి నేను ముచ్చటపడ్డాను. వాల్వులను తొక్కే రాకర్ల కడ్డీని తీసేయాలి. అప్పుడు వాల్వులన్నీ స్ప్రింగుల బలంతో మూసుకొంటాయి, పోసిన నూనె పొగ గొట్టంలోకి జారిపోదు, పుష్ రాడ్లకూ ప్రమాదం ఉండదు. అయితే ఈ ఇంజనులో ఒక కిటుకుంది. ఆ కడ్డీని బిగించే నట్లలో నాలుగు హెడ్డును కూడా పట్టి ఉంచేవే. ఆ నాలుగింటినీ విప్పేసి మిగతావాటిని బిగువుగా ఉంచితే హెడ్డు వంకరపోతుంది. కనుక ముందు రేడియేటరు నీళ్లు దించి, హెడ్డు నట్లన్నిటినీ వరసప్రకారం కొద్దికొద్దిగా వదులు చేసి, అప్పుడు కడ్డీ తీసి, మళ్లీ మిగతావాటిని బిగించాడు. ప్యాకింగు ఎలాగూ మార్చవలసిందేనని ముందే చెప్పాడు. పుష్ రాడ్లను తీసిన వరసలోనే అట్టముక్కకు గుచ్చి, అంకెలు వేసి పెట్టాడు. అంకెలు తప్పకుండా వేసేవాడిని నేను నమ్ముతాను. వ్యాకరణం దిద్దేవాడి జబ్బు అది.

ఆపైన స్టీరింగు ఆయిలూ డీజిలూ సమపాళ్లుగా కలిపి నాలుగు సిలిండర్లలోనూ పోశాడు. మర్నాడు ఏ గదిలో ఎంత దిగిందో పుల్లతో కొలిచి గోడమీద సుద్దతో రాశాడు. మూడింటిలో దిగింది, మూడో నంబరులో ఉన్నది ఉన్నట్టే ఉంది. "తాగేవాడికి ఫర్వాలేదు సార్, తాగనివాడే రోగి" అన్నాడు. రోజూ పోసేవాడు, రోజూ రాసేవాడు. ఆరో రోజున మూడోదానిలో గోరంత దిగింది.

ఆయుర్వేదంలో ఏ పెద్ద శోధన చేయించేముందైనా స్నేహనం, స్వేదనం చేయిస్తారు. నూనె పట్టించడం, చెమట పట్టించడం. స్నేహమనే మాటకు సంస్కృతంలో నూనె అని కూడా అర్థమన్నది ఇక్కడ చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. ఈ మేస్త్రి ఏ సంహితా చదవలేదు. కాని మధ్యాహ్నం ఎండలో షెడ్డు తలుపులు మూసి ఇంజనును వేడెక్కనిచ్చి, రాత్రి చల్లబడనిచ్చేవాడు. వేడికి అల్యూమినియం ఇనుము కంటె ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లబడితే ఎక్కువ సంకోచిస్తుంది. రోజుకొకసారి ఆ రెంటికీ మధ్య జరిగే వెంట్రుకవాసి కదలికలోనే నూనె లోపలికి దూరుతుందని అతని సిద్ధాంతం. కాదనడానికి నాకు కారణమేదీ కనిపించలేదు.

పదో రోజునుంచి హ్యాండిలు వేసి చూడడం మొదలైంది. క్రాంకు పుల్లీ మీద సుద్దతో ఒక గీత, దాని ఎదురుగా బ్లాకు మీద ఒక గీత. రెండు చేతులతో, ఒంటి బరువు వేయకుండా, ముందుకు ఒకసారి. కదలకపోతే వదిలేయడం. హ్యాండిలు ఒక వైపుకే తిప్పగలదు గనుక, వెనక్కి తిప్పడానికి సెల్ఫు మోటారు తీసిన కంతలోంచి ఫ్లైవీలు పళ్లకు ఇనుపకడ్డీ ఆనించి మెత్తగా ఒత్తేవాడు. పదిహేడో రోజున గీత నూలుపోగంత జరిగింది. నేనైతే కేక పెట్టేవాణ్ణి. అతడు హ్యాండిలు తీసి పక్కన పెట్టి, మళ్లీ నూనె పోసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇక్కడే పలువురు చెడిపోయేది. కదిలింది కదా అని అదే ఊపున తిప్పేస్తే, రింగు తుప్పు గట్టును ఎక్కబోయి విరుగుతుంది. కదిలిన మేరకే ముందుకూ వెనక్కూ ఊపాలి. ఆ ఊపులో తుప్పు పొడి అయి నూనెలో కలుస్తుంది, మర్నాడు మరికొంత దారి దొరుకుతుంది. ఇరవై రెండో రోజున పూర్తి చుట్టు తిరిగింది. అప్పుడైనా స్టార్టు చేశాడా? లేదు. హెడ్డు లేపాడు. మూడో బోరు గోడమీద రింగు కూర్చున్న చోట ఒక నీడ ఉంది. గోరుతో అడ్డంగా గీసి చూశాడు. గోరు తట్టుకోలేదు. తట్టుకొని ఉంటే విజయవాడ ఆటోనగరుకు తీసుకుపోయి బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేయవలసి వచ్చేది. బోరింగుకు నేను శత్రువును కాను, గుంటలు పడిన గోడకు అదే మందు. గోరు తట్టుకోని గోడకు ఆ మందు ఎందుకన్నదే ప్రశ్న.

ఇంత చెప్పాక ఒక వాదం ఎదురవుతుందని నాకు తెలుసు. "మేస్త్రికి ఇరవై రెండు రోజులు మీ బండి దగ్గర కూర్చునే తీరికెక్కడిది? కాలమంటే డబ్బు కదా!" అతడు ఇరవై రెండు రోజులు కూర్చోలేదు. రోజుకు పావుగంట చూసి వెళ్లాడు. కూర్చున్నది నూనె. అయినా ఆ వాదంలో ఒక నిజం దాగి ఉంది, దాన్ని మెకానిక్కుల మీదకు నెట్టడం అన్యాయం. మనం బిల్లు ఎలా చెల్లిస్తున్నామో చూడండి. పిస్టన్ల సెట్టు ఇంత, రింగులు ఇంత, బోరింగు ఇంత, బేరింగులు ఇంత అని రాసిస్తే మారుమాటాడకుండా ఇస్తాం. ఏమీ మార్చకుండా, ఏమీ విరగకుండా బండిని లేపినవాడు కూలి అడిగితే "నూనె పోసినందుకు ఇంతా?" అంటాం. మార్చిన సామానుకు రసీదు ఉంది, కాపాడిన సామానుకు రసీదు లేదు. ఇటువంటి లోకంలో ఒక మెకానిక్కు "ఇంజను పోయింది" అన్నాడంటే అతడికి పని రాక అన్నాడని అనుకోనక్కరలేదు. పోయిందంటేనే అతడికి అన్నం పుడుతుంది. మా మేస్త్రికి ఆ యజమాని ఇచ్చినది ఎంతో నేను చెప్పను. బేరమాడాడని మాత్రం చెబుతాను.

యజమానుల సంగతి ఎత్తాను గనుక దసరా ముచ్చట కూడా చెప్పాలి. ఏడాదంతా గుడ్డ కప్పి ఉంచి, ఆయుధపూజ నాడు పసుపు కుంకుమలు పెట్టి, ఒకసారి స్టార్టు చేసి, ఐదు నిమిషాలు గుర్రుమనిపించి ఆపేయడం కొందరికి ఆచారం. బండిని బతికించుకొంటున్నామని వారి భావం. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. వేడెక్కిన ఇంజనులో అది ఆవిరై పొగగొట్టం దాటిపోతుంది. ఐదు నిమిషాల్లో ఇంజను వేడెక్కదు, ఆ నీరు చల్లటి గోడల మీద, నూనె చాంబరులో, పొగ డబ్బాలో కూర్చుంటుంది. అంటే పూజ పేరిట ఏటేటా లోపల అభిషేకం చేసి తలుపు మూస్తున్నారన్నమాట. నడిపితే ఇరవై కిలోమీటర్లైనా నడపండి, వైరా దాకా వెళ్లి రండి. లేదా అసలు ముట్టుకోకుండా, ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు చొప్పున నూనె పోసి, హ్యాండిలుతో రెండు చుట్లు తిప్పి, పొగగొట్టం మూతి మూసి ఉంచండి. పొట్లాం కట్టిన పుస్తకం పాడవదు. ఏడాదికొకసారి తడిచేతితో తిరగేసిన పుస్తకం పాడవుతుంది.

ఓపిక అన్నానని అన్ని చోట్లా ఆలస్యం చేయమని కాదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం ఒడ్డు కాలనీలు మునిగినప్పుడు, అవే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, నీళ్లు దిగగానే బండి తాళం తిప్పి చూసుకున్నవారెందరో. మునిగిన ఇంజను తిరగకపోవడం తుప్పువల్ల కాదు, పిస్టను పైన నీళ్లు నిండడం వల్ల. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. అప్పుడు తాళం తిప్పితే కనెక్టింగు రాడ్డు వంగుతుంది. అక్కడ తాళం జోలికి పోకుండా బ్యాటరీ తీగ విప్పి, ప్లగ్గులు తీసి, నీళ్లు వెళ్లగొట్టి, నూనె మార్చి, నూనె పట్టించడం ఒకటి రెండు రోజుల్లో జరగాలి. నెల ఆగితే అప్పుడది నిజంగానే పట్టేస్తుంది. వరద బండికి త్వరపడడం, నిలవ బండికి ఆగడం. రెండింట్లోనూ చేయకూడనిది ఒకటే, లోపలేముందో చూడకుండా తిప్పడం.

చట్టాన్ని అడ్డం పెట్టుకొని వాదించేవారికి కూడా ఒక మాట. "పదిహేనేళ్లు దాటితే తుక్కు చేయాల్సిందే కదా, ఈ వదిలింపులెందుకు?" అంటారు. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం అలా చెప్పలేదు. సొంత కారుకు పదిహేనేళ్ల తరువాత యోగ్యతా పరీక్ష నెగ్గితే అయిదేసి ఏళ్లకు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలోని ప్రత్యేక నిషేధాన్ని తెచ్చి బోనకల్‌కు అంటగట్టడం తెలియనితనం, లేదా తుక్కు కొనేవాడి తెలివి. అయితే పునరుద్ధరణ రుసుము మాత్రం గట్టిగానే పెంచారు. కారుకు 600 రూపాయలు ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న బండికి 2021 జూలైలో వింటేజి హోదా కల్పించారు. దానికి వి.ఏ. అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు, మొదటి రిజిస్ట్రేషనుకు 20,000 రుసుము. బాగుంది. కాని ఒక బండి యాభయ్యో ఏడు చూడాలంటే ముందు ఇరవయ్యో ఏడు, ముప్పయ్యో ఏడు దాటాలి కదా. ఆ నడుమ కాలంలోనే షెడ్లలో పట్టేసేవి, ట్రాక్టర్లకు బలయ్యేవి.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసుకు వెళ్లినవారు 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్టును చూసే ఉంటారు. దాన్ని కోరి చేయించుకొన్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే కన్నుమూశాడు, బండి ఆయన చూడనేలేదు. ఎక్కువ తిరగకుండా దశాబ్దాలపాటు మూలనపడి, చివరికి బాగుచేయించబడి, ఈనాడు అద్దాల వెనక నిగనిగలాడుతోంది. సంతోషమే. నవాబుగారి బండికి "ఇంజను పోయింది, కాటాకు వేద్దాం" అని ఎవరూ అనలేదని మాత్రం గమనించాను. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారు అర్ధరాత్రి పురిటి కేసుకు వేసుకెళ్లిన అంబాసిడరుకు, పెళ్లికూతుళ్లను అత్తవారిళ్లకు దిగబెట్టిన పద్మినికి ఆ మర్యాద ఎందుకు దక్కదో నాకు అర్థం కాదు. రెండింటి లోపలా పట్టేది అదే తుప్పు, వదిలించేది అదే నూనె.

పాతబండి పొగ, పాతబండి భద్రత అనే అభ్యంతరాలు న్యాయమైనవే. రోజూ ఖమ్మం బజారులో తిప్పమని నేననడం లేదు. తిప్పాలా వద్దా అన్నది బండి బతికాక తేల్చుకోవలసిన ప్రశ్న. చంపేశాక ఆ చర్చే ఉండదు.

షెడ్డులో ఒకటి పెట్టుకొని ఇది చదువుతున్నవారికి, వదిలిన తరువాతి సంగతి రెండు ముక్కలు. పోసిన డీజిలంతా రింగుల పక్కనుంచి దిగి కింద చాంబరులోనే చేరి ఉంటుంది, నూనె నీళ్లలా పలచబడి ఉంటుంది. ఆ నూనెతో స్టార్టు చేస్తే బేరింగులు పోతాయి (ఇక్కడ "పోతాయి" అన్నది సరైన ప్రయోగమే). మొత్తం దించేసి, ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోయండి. ప్లగ్గులు లేకుండా, కాయిలు తీగ విప్పి, రంధ్రాలమీద గుడ్డ కప్పి, నూనె ఒత్తిడి ముల్లు లేచేదాకా సెల్ఫు తిప్పండి. లోపలి డీజిలు జల్లుగా ఎగజిమ్ముతుంది, బీడీ తాగేవాళ్లను దూరంగా పంపండి. ట్యాంకులోని పాత పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది, దాన్ని కార్బ్యురేటరు దాకా రానివ్వకండి. ఇంజను లేచిందన్న సంబరంలో అందరూ మరిచేది బ్రేకులు. ఇరవయ్యేళ్ల పాత రబ్బరు మొదటి తొక్కుడుకు నిలబడుతుంది, రెండోదానికి నేలకు దిగిపోతుంది. మా మేస్త్రి నాలుగు చక్రాలూ విప్పి వీలు సిలిండర్లు మార్చి, షెడ్డు ముందున్న ఏటవాలు మీద మూడుసార్లు ఆపి చూసుకున్నాక గాని యజమానిని కొబ్బరికాయ కొట్టనివ్వలేదు.